క్లాక్ టవర్ దగ్గర నిలబడు, నేనొస్తా

మా పక్కింటి పెద్దావిడ నన్ను మొదటిసారి పలకరించినప్పుడు "గుడ్ మార్నింగ్, మి డక్" అంది. నేను గబగబా లోపలికొచ్చి మావారితో "ఏమండీ, ఆవిడ నన్ను బాతు అంది" అని చెప్పాను. లెస్టర్‌లో అది ముద్దుమాట అనీ, మనం 'బంగారం' అనో 'అమ్మడూ' అనో అన్నట్టే అనీ ఆయన ఆఫీసులో కనుక్కొచ్చి చెప్పేదాకా నా మూతి ముడుచుకునే ఉంది. ఇప్పుడు కూరలు కొనడానికి వెళ్ళినప్పుడు ఎవరైనా మి డక్ అనకపోతే, వీళ్ళు ఈ ఊరివాళ్ళు కాదేమో అనుకుంటాను. అలవాటు అలాంటిది.

బాతు సంగతి రెండు రోజుల్లో మర్చిపోయాను కానీ, ఆవిడే అన్న ఇంకో మాట మాత్రం రెండేళ్ళు నాలో ముల్లులా ఉండిపోయింది. ఓ రోజు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే కంచె అవతల నుంచి, "ఈ ఊరు మునుపటిలా లేదు. అంతా పోయింది" అంది. అప్పుడు నేను సల్వార్ కమీజులో ఉన్నాను. మా వంటింట్లోంచి ఇంగువ పోపు వాసన బయటికొస్తోంది. నాకేం అర్థమై ఉంటుందో మీరే చెప్పండి! మేం వచ్చాం కాబట్టి ఊరు పాడైందంటోంది అనుకున్నాను. ఆ తర్వాత హలో అంటే హలో, అంతే. క్రిస్మస్‌కి ఆవిడ కార్డు వేసేది, నేనూ ఓ కార్డు వేసేదాన్ని. లెక్కకి లెక్క.

మా ఇద్దరినీ కలిపింది ఒక గడియారం.

మా అమ్మాయికి పన్నెండేళ్ళప్పుడు మొదటిసారి స్నేహితురాళ్ళతో ఒంటరిగా టౌన్‌కి వెళ్తానంది. వద్దంటే ఏడుపు, సరే అంటే నాకు గుండెదడ. చివరికి గుమ్మంలో నిలబడి వందో జాగ్రత్త చెబుతూ, "ఏదైనా అయితే క్లాక్ టవర్ దగ్గర నిలబడు, నేనొస్తా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చింది కానీ గొంతు మా అమ్మది. నేను సికింద్రాబాద్ పిల్లని. మా క్లాక్ టవర్ కూడా కంటోన్మెంట్ కాలం నాటిదే, 1897లోది. జనరల్ బజార్‌కి వెళ్ళేటప్పుడు చెయ్యి వదిలిపోతే ఎక్కడ నిలబడాలో మాకందరికీ నేర్పిన పాఠం అదొక్కటే.

తెలుగు తెలియకపోయినా 'క్లాక్ టవర్' అన్న మాట పక్కింటావిడ చెవిన పడింది. తన గుమ్మంలోంచే నవ్వి, "మా అమ్మ కూడా అదే చెప్పేది. తప్పిపోతే టవర్ కింద నిలబడు, అంగుళం కదలకు అనేది" అంది. రెండేళ్ళలో మొదటిసారి ఆవిణ్ణి లోపలికి పిలిచి టీ ఇచ్చాను. పిల్ల తిరిగొచ్చేదాకా ఇద్దరం గడియారం చూసుకుంటూనే కూర్చున్నాం.

తర్వాతి శనివారం ఆవిడే నన్ను టౌన్‌కి తీసుకెళ్ళింది. ఎన్నేళ్ళుగా ఉంటున్న ఊరు! అయినా ఆ రోజు వరకూ నేను ఆ టవర్‌ని తలెత్తి చూడలేదంటే నమ్ముతారా? బస్సు దిగడం, సంచి పట్టుకోవడం, షాపులోకి దూరడం. ఇదే కదా మన టౌన్.

టవర్ కట్టింది 1868లో. అంతకుముందు ఆ చోట అసెంబ్లీ రూమ్స్ అని పాత భవనం ఉండేదట. రోడ్డుకి అడ్డంగా ఉందని చుట్టుపక్కల వాళ్ళు చందాలు వేసుకుని మరీ 1862లో దాన్ని కూలగొట్టించారు. ఖాళీ అయిన చోట నాలుగు విగ్రహాలతో ఓ గడియార స్తంభం పెడదామని జాన్ బర్టన్ అనే ఫోటోగ్రాఫర్ సూచించాడు. పోటీ పెట్టి, జోసెఫ్ గొడార్డ్ గీసిన నమూనాని ఎంచుకున్నారు. ఇది విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఈ రోజు ఊరంతా 'మా పాత టవర్' అని గుండెలకి హత్తుకునేది, ఒకప్పుడు ఒక పాతదాన్ని కూల్చి కట్టిన కొత్తదే. "అయ్యో, అసెంబ్లీ రూమ్స్ పోయాయే, ఊరు మునుపటిలా లేదే" అని 1868లోనూ ఏ ముసలమ్మో నిట్టూర్చే ఉంటుంది.

మా పెద్దావిడకి ఇప్పుడు ఎనభై నాలుగు. టవర్ చుట్టూ ట్రాములు తిరిగిన రోజులు ఆవిడకి లీలగా గుర్తున్నాయి. లెస్టర్‌లో ట్రాములు ఆగిపోయింది 1949లో, అంటే ఆవిడ బళ్ళోకి వెళ్ళే వయసులో. అమ్మ చెయ్యి పట్టుకుని పట్టాలు దాటడం, పట్టాల మధ్య బూటు మడమ ఇరుక్కోవడం, అవన్నీ చెప్పింది. ఆ టవర్ కిందే పదిహేడేళ్ళప్పుడు ఒక అబ్బాయి కోసం గంటంపావు నిలబడిందట. రాలేదు. "పెళ్ళి చేసుకున్నది వేరే అతన్నిలే. అతను పది నిమిషాలు ముందే వచ్చేవాడు" అంది.

అక్కణ్ణుంచి హంబర్‌స్టోన్ గేట్ వైపు నాలుగడుగులు వేస్తే ఇంకో టవర్ కనిపిస్తుంది, ఒంటరిగా. అది లూయిస్ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ తాలూకు టవర్. స్టోర్ 1936లో తెరిచారు, 1990ల్లో మూతపడింది. భవనాన్నంతా కూల్చేసి టవర్ ఒక్కదాన్ని మిగిల్చారు. మన ఊళ్ళల్లో పాత ఇల్లు పడగొట్టి తులసికోట ఒక్కటి వదిలేస్తారు చూడండి, అచ్చం అలా ఉంటుంది. మా పెద్దావిడ పదిహేనో ఏట అక్కడే చేతి తొడుగుల కౌంటర్లో ఉద్యోగంలో చేరింది. "నా ఉద్యోగం పోయింది, కౌంటర్ పోయింది, మెట్లు పోయాయి, టవర్ మాత్రం ఉంది. ఆ టవర్లోకి నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు" అంది.

ఈ మాట నా మనసులో నిలిచిపోయింది. ఊళ్ళవాళ్ళు ఎప్పుడూ టవర్లనే కాపాడతారు. అవి దూరానికి కనిపిస్తాయి, పోస్టుకార్డు మీద బావుంటాయి. కానీ ఆడవాళ్ళ బతుకంతా టవర్ అడుగున జరుగుతుంది. కౌంటర్లో, క్యూలో, పిల్లకి బూట్లు కొనే చోట, సంచులు కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చునే బల్ల మీద. అవి కూల్చినప్పుడు అడ్డుపడేవాళ్ళు తక్కువ. నా అభిప్రాయం ఎవరికైనా తప్పనిపిస్తే చెప్పండి, కానీ మన దగ్గరైనా, ఇక్కడైనా నాకు కనిపించింది ఇదే.

ఆ రోజంతా ఆవిడ చూపించినవి పోయినవే. క్లాక్ టవర్‌కి ఎదురుగా ఉన్న పాత వరసలు కొట్టేసి హేమార్కెట్ సెంటర్ అనే షాపింగ్ భవనం కట్టారు, అది తెరిచింది 1973లో. కార్ల కోసం ఊరి నడుమ నుంచి వలయపు రోడ్డు వేశారు. మాగజీన్ అని దాదాపు 600 ఏళ్ళ నాటి కోటద్వారం లాంటి బురుజు ఉంది. ఆయుధాలు దాచేవాళ్ళు కాబట్టి ఆ పేరు. ఆ రోడ్డు పుణ్యమా అని అది వాహనాల మధ్య దీవైపోయింది. సొరంగంలాంటి దారిలో దిగి వెళ్తే తప్ప చేరుకోలేకపోయేవారట. చాలా ఏళ్ళ తర్వాత పొరపాటు తెలిసొచ్చి రోడ్డునే పక్కకి జరిపారు, ఇప్పుడు నడిచే వెళ్ళొచ్చు. బెల్‌గ్రేవ్ దగ్గర కట్టిన ఫ్లైఓవర్‌ని కూడా 2014లో వాళ్ళే కూల్చేసుకున్నారు. 2012లో మూడో రిచర్డ్ రాజుగారి ఎముకలు కార్ పార్కింగ్ కింద దొరికాయంటే ఈ ఊరు కార్లకి ఎంత చోటిచ్చిందో చూడండి!

సెయింట్ మేరీ డి కాస్ట్రో అనే చర్చి దగ్గర ఆవిడ చాలాసేపు నిలబడింది. టవర్ ఉంది, పైన ఉండాల్సిన మొనదేలిన శిఖరం లేదు. పగుళ్ళు ఇచ్చి ప్రమాదమని 2013లో దించేశారు. ఆవిడ పెళ్ళి ఫోటోలో, దూరంగా, ఆ శిఖరం ఉంది. "అక్కడ ఆకాశం బోసిగా ఉంది" అంది. మన పెద్దవాళ్ళు పన్ను ఊడినచోట నాలుకతో తడుముకున్నట్టు ఆవిడ చూపు అక్కడే తిరుగుతోంది.

అప్పుడు నా బుర్రకి తట్టింది. "అంతా పోయింది" అన్న ఆవిడ జాబితాలో మేం లేం! షాపులు కూల్చింది మేం కాదు. రోడ్డు వేసింది మేం కాదు. శిఖరం పగిలింది మా వల్ల కాదు. ఊరుని మార్చింది ఎవరంటే బల్లల చుట్టూ కూర్చుని పటాలు గీసిన పెద్దమనుషులు, కార్లు, పెద్ద షాపుల లాభనష్టాలు. బెల్‌గ్రేవ్ రోడ్డులో ఈ రోజు ఆ చీరల కొట్లు, మిఠాయి కొట్లు, దీపావళి దీపాలు ఉన్నాయంటే బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళు నిలబెట్టారు కాబట్టే.

కానీ కథ అంత తేలిగ్గా ముగిస్తే అది అబద్ధమవుతుంది. ఇంటికి తిరిగొస్తూ బస్సులో ఆవిణ్ణి సూటిగానే అడిగేశాను. "ఆ రోజు ఊరు మునుపటిలా లేదన్నారే, మా గురించి కాదా?" అని. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ రెండు స్టాపులు దాటేదాకా మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజు కాదు. కానీ 1972లో మా వీధిలో అందరూ అనేవాళ్ళు. నేనూ అనే ఉంటాను" అంది.

1972 అంటే ఉగాండా నుంచి ఇదీ అమీన్ ఆసియావాళ్ళని వెళ్ళగొట్టిన ఏడాది. అప్పుడు లెస్టర్ నగర పాలక మండలి ఉగాండా పత్రికలో ఒక ప్రకటన వేయించింది. మా ఊళ్ళో ఇళ్ళు లేవు, బళ్ళల్లో చోటు లేదు, ఇక్కడికి రావద్దు అని. అయినా వేలమంది వచ్చారు. ఆ ప్రకటన చూశాకే లెస్టర్ అనే ఊరుందని తెలిసిందని ఇప్పటికీ కొందరు నవ్వుతూ చెప్పుకుంటారు.

క్లాక్ టవర్ నాలుగు మూలల్లో నిలబడ్డవాళ్ళలో ఒకాయన సైమన్ డి మాంట్‌ఫర్ట్. 1265లో సామాన్యుల ప్రతినిధులని కూడా పార్లమెంటుకి పిలిచాడని గొప్పగా చెబుతారు. అదే మనిషి 1231లో ఈ ఊళ్ళోంచి యూదులని వెళ్ళగొట్టాడు. 2001లో నగర పాలక మండలే ఆయన్ని ఆ విషయంలో తప్పుపడుతూ అధికారికంగా ప్రకటించింది. విగ్రహం తీసెయ్యమని నేనను. తీసేస్తే రేపు ఎవరికీ తెలియదు. కానీ దానికింద ఆ సంగతి కూడా నాలుగు ముక్కలు రాసిపెట్టాలంటాను. తప్పిపోయిన పిల్లలొచ్చి నిలబడే చోట, 'వెళ్ళిపోండి' అన్న మనిషి పైనుంచి చూస్తున్నాడని తెలియడం మంచిదే.

మిగతా ముగ్గురూ దాతలే. ఉన్ని వ్యాపారం చేసి ఆసుపత్రి పెట్టిన విలియం విగ్‌స్టన్, కుర్రాళ్ళు వ్యాపారం మొదలుపెట్టుకోవడానికి వడ్డీలేని అప్పులిచ్చే నిధి పెట్టిన సర్ థామస్ వైట్, మగపిల్లల బడికి డబ్బు వదిలివెళ్ళిన గేబ్రియల్ న్యూటన్. మంచివాళ్ళే. నలుగురూ మగవాళ్ళే. మేజోళ్ళూ బూట్లూ కుట్టి ఈ ఊరికి పేరు తెచ్చిన ఆడవాళ్ళు ఒక్కరూ అక్కడ లేరు. బూట్ల ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేస్తూ, పిల్లలని పెంచుతూ, ఓటు హక్కు కోసం అయిదుసార్లు జైలుకెళ్ళిన ఆలిస్ హాకిన్స్ విగ్రహాన్ని మార్కెట్ దగ్గర నిలబెట్టింది 2018లో. టవర్ కట్టాక సరిగ్గా 150 ఏళ్ళకి! ఆ మధ్యలో ఎన్ని తరాల ఆడవాళ్ళు ఆ నలుగురి కాళ్ళ కింద నిలబడి బస్సుల కోసం చూశారో.

అలా చూసినవాళ్ళలో నాకు తెలిసిన ఇంకో ఆవిడ ఉంది. బెల్‌గ్రేవ్ రోడ్డులో చీరలకి ఫాల్స్ కుట్టించుకునే కొట్లో పరిచయమైన గుజరాతీ బెన్. కంపాలా నుంచి ఇరవై రెండేళ్ళ వయసులో చంకన బిడ్డతో వచ్చింది. మేజోళ్ళ ఫ్యాక్టరీలో ఓవర్‌లాక్ మిషను మీద ముప్ఫై ఏళ్ళు కుట్టింది. ఒకసారి మాటల్లో క్లాక్ టవర్ పేరెత్తితే, "నాకు ఇంగ్లీషులో వచ్చిన మొదటి రెండు మాటలూ అవే" అంది. బస్సెక్కి కండక్టర్‌తో క్లాక్ టవర్ అంటే చాలట, ఎక్కడ దింపాలో తెలిసిపోతుంది. అక్కడ భర్త ఎదురుచూస్తుంటాడు. 1974 మొదట్లో కరెంటు పొదుపు కోసం ఫ్యాక్టరీలు వారానికి మూడు రోజులే నడిచిన చలికాలంలో, సగం చీకట్లో, గ్లవ్స్ లేని చేతుల్ని చీర కొంగులో చుట్టుకుని నిలబడేదట. ఎవరో పెద్దావిడ తన గ్లవ్స్ తీసి ఇచ్చిందనీ, ఎవరో ఒక కుర్రాడు వెళ్ళిపో అని అరిచాడనీ, రెండూ ఆ టవర్ కిందే జరిగాయనీ చెప్పింది. రెండూ ఒకే గొంతుతో చెప్పింది.

నేను ఇద్దరినీ ఓ శనివారం మా ఇంటికి పిలిచాను. మావారు "ఏదైనా గొడవైతే?" అన్నారు. ఉప్మా చేసి పెడితే గొడవలవ్వవని నా నమ్మకం. ఆవిడ కేకు తెచ్చింది, బెన్ ఢోక్లా తెచ్చింది. మొదటి పావుగంట వాతావరణం గురించే. ఇక్కడ అది ఆచారం. తర్వాత ఎవరో లూయిస్ పేరెత్తారు. అంతే. ఇద్దరికీ అక్కడ గుర్తున్నది చేతి తొడుగులు కాదు, క్రిస్మస్ అలంకరణ కాదు, ఆడవాళ్ళ టాయ్‌లెట్! టౌన్‌లో చిన్నపిల్లలతో తిరిగే ఆడదానికి ఆ రోజుల్లో అదొక్కటే దిక్కట, శుభ్రంగా ఉండేదట, కొనకపోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదట. పెద్దావిడ పైఅంతస్తులో అంటుంది. బెన్ కాదు, మెట్లు దిగి వెళ్ళేవాళ్ళం అంటుంది. ఒకళ్ళు అక్కడ పనిచేశారు, ఇంకొకళ్ళు అక్కడికి పిల్లలని తీసుకెళ్ళారు, ఇద్దరూ తగ్గరు. మా అమ్మాయి నవ్వలేక చచ్చిపోయింది.

ఏ బోర్డు మీదా ఈ సంగతి ఉండదు. టవర్ ఏ రాయితో కట్టారో ఉంటుంది, ఎవరు గీశారో ఉంటుంది. పాత ఊరు గురించి బెంగపడే హక్కు ఎవరికి ఎక్కువ అని ఇక్కడ అప్పుడప్పుడు పోట్లాడుకుంటారు. "మా తాతలనాటి ఊరు" అనేవాళ్ళకి ఒక్కటే చెబుతాను, బెన్ బెంగ కూడా యాభై ఏళ్ళు దాటింది. మా అమ్మాయికి అది పుట్టిన ఊరు. నాకే ఇంకా సగం సికింద్రాబాద్, సగం ఇది. అలాగే మనవాళ్ళకీ ఒకటి చెప్పాలి. ఏ తెల్లావిడో "ఊరు మునుపటిలా లేదు" అనగానే మొహం తిప్పుకుని లోపలికి పోకండి, నాలాగ. ఏం పోయిందో అడగండి. జవాబు మీ గురించే అయితే అదీ తెలుస్తుంది కదా. నేను రెండేళ్ళు అడక్కుండా పోగొట్టుకున్నాను. అప్పటికి పెద్దాయన, పది నిమిషాలు ముందే వచ్చే ఆయన, బతికే ఉన్నారు. కంచె మీద నుంచి చెయ్యి ఊపేవారు. ఆయనతో నేను హలో తప్ప ఒక్క మాట మాట్లాడలేదు.

లెస్టర్ యూనివర్సిటీలో ఈస్ట్ మిడ్‌ల్యాండ్స్ ఓరల్ హిస్టరీ ఆర్కైవ్ అని ఉంది. మామూలు మనుషుల గొంతులు, వాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేసి దాచిపెడతారు. మా అమ్మాయి ఆ శనివారం మాటలు ఫోన్‌లో రికార్డు చేసింది. వాళ్ళకి పంపిద్దామంటే ఇద్దరూ సరేనన్నారు, కానీ ఒక షరతు పెట్టారు. తప్పు సమాచారం పంపకూడదట. అందుకని వచ్చే శనివారం మళ్ళీ పిలిచాను. బెన్ తనతో పాటు ఫ్యాక్టరీలో పనిచేసిన ఇంకో ఇద్దరిని సాక్ష్యానికి తెస్తానంది. పెద్దావిడ లూయిస్‌లో తన పక్క కౌంటర్ అమ్మాయిని తెస్తానంది. ఆ అమ్మాయికి ఎనభై రెండు. టాయ్‌లెట్ ఏ అంతస్తులో ఉండేదో ఈసారి తేలిపోవాలి. నేను ఇడ్లీ పిండి ఎక్కువే నానబోస్తున్నాను.